చెంపతో చూసిన పడవ

పాత పడవ కొనడానికి తెబుల్బా రేవుకి వచ్చినవాడు ఇంజను గురించి అడుగుతాడు, వల లాగే చక్రం గురించి అడుగుతాడు, ఎందుకు అమ్ముతున్నారని అడుగుతాడు. ఏ జవాబూ నమ్మడు. ఆఖరికి ఒడ్డున కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి, "ఖమీస్ చెయ్యి పడిందా దీని మీద?" అంటాడు. పడిందంటే బేరం సగం తెగినట్టే.

ఫైబర్ పడవకి పైన ఒక నున్నటి పొర ఉంటుంది, గుడ్డుకి పెంకులాగా. ఎండా ఉప్పూ కలిసి ఏడెనిమిదేళ్ళలో దాన్ని తినేస్తాయి. వేలు రాస్తే సున్నంలా అంటుకుంటుంది. ఆ చచ్చిన పొరని తీసి, గీతల్లో పేస్టు పూడ్చి, గరుకు వాటర్ పేపర్ నుంచి మెత్తదాకా మెట్టు మెట్టుగా తడిపి రుద్ది, చివరికి ఉన్ని చక్రం బిగించిన మిషనుతో అద్దం చెయ్యడం ఖమీస్ పని. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. రుద్దడం ఎవడైనా రుద్దుతాడు, ఎక్కడ ఆపాలో తెలియడం విద్య. ఆ పొర మందం గోరంత. ఎక్కువ రుద్దితే లోపలి పీచు బయటపడుతుంది. తక్కువ రుద్దితే గుంటలు మిగిలి, పొద్దుటి ఏటవాలు ఎండలో పడవ మశూచి మొహంలా తేలుతుంది.

ఖమీస్ పడవకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, నోరు కాస్త తెరిచి, పరుపులో జారిపోయిన చెవిపోగు వెతుకుతున్నవాడిలా ముక్కు నుంచి తోక దాకా నడిచేవాడు. ఉన్నట్టుండి ఆగి, "ఇక్కడ," అనేవాడు. చూసేవాళ్ళకి అక్కడ ఏమీ కనిపించేది కాదు. మర్నాడు పొద్దున్న వెలుగు వాలగానే, అక్కడే, వెంట్రుకవాసి గుంట. వేలికి అందని గుంటని అరచేత్తో పట్టేవాడని, పెళ్ళిచూపులకి కూడా వాణ్ణి తీసుకెళ్తే మంచిదని రేవులో ఓ ముతక హాస్యం ఉండేది. ఖమీస్ ఆ హాస్యానికి కోపం నటించేవాడు, ఇంటికెళ్ళి భార్యకి తనే చెప్పేవాడు.

అలాంటి చెయ్యి కిందటి శీతాకాలంలో చచ్చిపోయింది.

ఆ సంగతి కాఫీ దుకాణంలో బయటపడింది, కానీ తప్పుగా బయటపడింది. పొయ్యి మీంచి దించిన పుదీనా టీ గ్లాసుని అందరూ అంచు పట్టుకుని ఊదుకుంటున్నారు. ఖమీస్ మాటల్లో పడి గ్లాసు నడుం పట్టుకున్నాడు. పట్టుకునే కూర్చున్నాడు. పక్కవాడు చూసి, "ఒరే, చూడండ్రా! చెయ్యంటే అది! మనవి చేతులా, వెన్నముద్దలు!" అని అరిచాడు. ఆ పూట నుంచి కుర్రాళ్ళు పందాలు కాసి మరీ అతని ముందు మరిగిన టీ పెట్టడం మొదలెట్టారు. ఖమీస్ మీసం కింద నవ్వుకుంటూ పట్టుకునేవాడు. మొదటిరోజే ఇంటికొచ్చి వంటింట్లో భార్య వసీలా కుట్టు సూది తీసుకుని వేళ్ళ కొసలు ఒక్కొక్కటే పొడుచుకున్నాడు. అయిదో వేలి దగ్గర ఆగి, "వసీలా, ఇది నా వేలేనా?" అన్నాడు.

ఆసుపత్రి డాక్టరు ముసుగేసి చెప్పలేదు. చక్కెర జబ్బు ఒకటి, ముప్పై ఏళ్ళ మిషను అదురు ఒకటి, రెండూ కలిసి నరాల్ని తినేశాయి, పోయింది తిరిగి రాదు. "చేతుల్ని రోజూ కళ్ళతో చూసుకో పెద్దాయనా. కాలినా తెగినా నీకు తెలియదు," అంది. ఖమీస్ ఆ మాటని వసీలాకి తప్ప ఎవరికీ చెప్పలేదు. జనవరి నుంచి మార్చి దాకా రేవులో పని తక్కువ, అలవాటు మీద గడిచిపోయింది. గడిచిపోతుందనే అనుకున్నాడు.

ఏప్రిల్ మొదటి ఆదివారం హల్లూమా వచ్చింది.

ఆమె రాయిస్ బెల్గాసిం పెళ్ళాం. పడవకి పెద్దయినవాణ్ణి ఇక్కడ రాయిస్ అంటారు, చచ్చిపోయాక కూడా అంటారు. నవంబరులో ఒక మధ్యాహ్నం బెల్గాసిం ఒక్కడే వల తియ్యడానికి వెళ్ళాడు. ఏం జరిగిందో చూసినవాడు లేడు. పడవ మాత్రం కనిపించింది, ఇంజను ఆగకుండా, చుక్కాని ఒక పక్కకి వాలిపోయి, మనిషి లేకుండా గుండ్రంగా తిరుగుతూ. తిరిగి తిరిగి, డీజిలు అయిపోయాక, రేవుకట్ట రాళ్ళకేసి కుడి పక్కంతా రుద్దుకుంది. తొమ్మిదో రోజున బెల్గాసిం చెబ్బా ఊరి వైపు శవమై తేలాడు. మొగుడు పోయిన ఆడది ఇంట్లో ఉండాల్సిన నాలుగు నెలల పది రోజులూ హల్లూమా గడప దాటకుండా కూర్చుని, దాటిన తరవాత మొదటగా వచ్చింది ఈ ఒడ్డుకే.

"ఖమీస్ అన్నా, బాగున్నావా?"

"దేవుడి దయ చెల్లెమ్మా."

"గురువారం సలక్తా నుంచి మనుషులొస్తున్నారు పడవ చూడ్డానికి. ఇంతకు ముందు ఇద్దరొచ్చారు. ఆ పక్క గీతలు చూసి నోట్లో ఏదో చదువుకుని చక్కా పోయారు. చచ్చినవాడి పడవ చచ్చినవాడి పడవలాగే కనిపిస్తోంది అన్నా. ఒక్క గీత ఉండకూడదు. నా కిటికీలోంచి చూస్తే అవే. ఎన్ని చుట్లు తిరిగిందో అని లెక్కపెడుతూ కూర్చుంటున్నాను."

పక్క పడవ మీంచి లజర్ తొంగిచూశాడు. ముప్పై ఆరేళ్ళవాడు, కొత్త మిషనూ, కొత్త పనివాడి ఆత్రమూ ఉన్నవాడు. "అక్కా, బాబాయి చేతిలో ఇప్పటికే రెండు పడవల పని ఉంది. నాకియ్యి, బుధవారానికి నీ మొహం చూసుకోవచ్చు అందులో."

"నా మొహం చూసుకోవాలని లేదు తమ్ముడూ," అంది హల్లూమా. మళ్ళీ ఖమీస్ వైపు తిరిగి, "ఆయన నీతో పదకొండేళ్ళు మాట్లాడలేదు, నిజమే. కానీ ఇంట్లో ఏమనేవాడో తెలుసా? ఖమీస్ నోరు తేలు, చెయ్యి మాత్రం కన్నతల్లిది అనేవాడు," అంది.

మాటలు పోయింది ష్కొబ్బా పేకాటలో. డైమండ్ ఏడు పేకల్లోంచి మాయమైంది, అదేమో ఆటలో అన్నిటికన్నా విలువైన ముక్క. బెల్గాసిం అందరి ముందూ ఖమీస్‌ని దొంగ అన్నాడు. ఖమీస్ లేచి నిలబడి, దేవుడి మీద ఒట్టేసి, కుర్చీ తన్ని వెళ్ళిపోయాడు. వెళ్ళిపోతుంటే ఆ ముక్క అతని తొడ వెనక పంట్లాంకి చెమటతో అంటుకుని ఉండటం దుకాణమంతా చూసింది. అతను మాత్రం ఇంటికెళ్ళాకే చూశాడు. అప్పటికి ఒట్టు వేసేశాడు. ఇక వెనక్కి తీసుకునేదేముంది!

ఆ ఆదివారం కూడా అదే జరిగింది. వద్దమ్మా, నా చెయ్యి ఇదివరకటిది కాదు, లజర్‌కియ్యి అనాలని బుర్ర అంటోంది. నోరు, "అలాగే చెల్లెమ్మా. గురువారం పొద్దుటికి," అనేసింది.

ఇంట్లో వసీలా బ్రెడ్డు మీద హరీసా కారం రాస్తూ, తలెత్తకుండానే అడిగింది. "చెప్పావా?"

"ఏం చెప్పాలి?"

"నీ చేతుల సంగతి."

"చెప్పి రేపట్నుంచి ఏం చెయ్యను? నీ పక్కన కూర్చుని పావురాలకి గింజలెయ్యనా?"

"నా పావురాలు నీ చేతి గింజలు తినవులే, భయపడకు. ఆ పిల్ల పడవ ఏమవుతుందో అది చెప్పు."

"ఏమవుతుంది? ఏమీ కాదు."

వసీలా హరీసా ఇంకాస్త ఎక్కువే రాసింది.

సోమవారం కడగడం, అసిటోన్‌తో తుడవడం, గీతల్లో పేస్టు పూడ్చడం. కళ్ళతో అయ్యే పని గనక నడిచింది. మధ్యాహ్నానికి పేస్టు గట్టిపడ్డాక రుద్దడం మొదలెట్టి, అలవాటు చొప్పున అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఏమీ లేదు. దుప్పటి కప్పిన బల్ల మీద చెయ్యి వేసినట్టుంది. గుడ్డ అడ్డం పెట్టి చూశాడు, మణికట్టు దగ్గరి అంచుతో చూశాడు, మోచేత్తో కూడా చూశాడు. చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని ఈలవేశాడు.

వెలుగు వాలులో పక్క చూద్దామని పడవ పొట్టకి మొహం దగ్గరగా పెట్టినప్పుడు చెంప తగిలింది. తగలగానే ఉలిక్కిపడ్డాడు. పిండిలో రాయిలా, అంత స్పష్టంగా, మిట్ట! కొంచెం జరిపాడు. గుంట. ఇంకా జరిపాడు. నునుపు. చెంపకి అన్నీ తెలుస్తున్నాయి! అరచెయ్యి తన మంచి రోజుల్లో చెప్పినన్ని సంగతులు చెప్తోంది. ఖమీస్ పడవని అలా కావిలించుకునే నిలబడిపోయాడు. బతికానురా భగవంతుడా అనుకున్నాడు.

మంగళవారం పొద్దున్నే మంగలి దగ్గర కూర్చున్నాడు. గడ్డం గరుగ్గా ఉంటే చెంప సరిగ్గా వినదు కదా. సాయంత్రం మళ్ళీ వెళ్ళాడు. మంగలి కత్తి ఆపి, "వసీలా వదినకి తెలుసా?" అన్నాడు.

"ఏంటి?"

"రోజుకి రెండుసార్లు గడ్డం గీయించుకునేవాడు ఒకందుకే గీయించుకుంటాడు. పిల్ల ఏ ఊరు?"

"ఎనిమిది మీటర్ల పొడవు, తెల్లగా ఉంటుంది," అన్నాడు ఖమీస్. చాలా నెలల తరవాత అతనికి నవ్వొచ్చింది.

కానీ రేవులో ఎవరూ నవ్వడంలేదు. సోమవారం సాయంత్రం వల బాగుచేసే ముసలాయన చూశాడు. ఖమీస్ బెల్గాసిం పడవకి చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, మెల్లిగా జరుగుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు. నీళ్ళు నిజమే. అసిటోన్ ఘాటుకి ఎద్దు కూడా ఏడుస్తుంది. ముసలాయన ఆ ఘాటు దాకా రాలేదు, దూరం నుంచే కళ్ళు తుడుచుకుని కాఫీ దుకాణానికి వెళ్ళిపోయాడు.

"పదకొండేళ్ళు మాటల్లేవు. వెళ్ళి చూడండి ఇప్పుడు. పడవని పట్టుకుని పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు."

"ఎంత కడుపులో దాచుకున్నాడో!"

"తేలు అన్నాం మనం వాణ్ణి."

మంగళవారం మధ్యాహ్నం ఖమీస్ లబ్లాబీ శనగల చారు తాగుదామని దుకాణంలోకి వెళ్తే అందరూ లేచి నిలబడ్డారు. ఎవడో భుజం తట్టాడు. ఎవడో అతని గిన్నెలో శనగలు తన గిన్నెలోంచి వేశాడు. పందాల కుర్రాళ్ళు మరిగే టీ తీసుకురాలేదు, చల్లార్చి తెచ్చారు. "బెల్గాసిం గురించి ఒక మాట చెప్పు ఖమీస్," అన్నాడు ముసలాయన. అప్పుడు చెప్పాలి నిజం. చెప్పలేదు. గొంతు సవరించుకుని, చిన్నప్పుడు ఇద్దరూ ఆక్టోపస్ కుండలు దొంగిలించి దొరికిపోయిన కథ చెప్పాడు. కథ నిజమే. వినేవాళ్ళు ఏడ్చారు. ఒక వల కోసం నాలుగేళ్ళుగా మాటలు మానేసిన అన్నదమ్ములిద్దరు అక్కడికక్కడే కావిలించుకున్నారు. ఖమీస్ తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని శనగలు నమిలాడు. తల వంచుకోవడం చూసి వాళ్ళు ఇంకా ఏడ్చారు.

సాయంత్రం హల్లూమా ఇంటి నుంచి గోధుమరవ్వతో వండిన చేప కుస్కుస్ వచ్చింది. పెద్ద అతిథికి పెట్టే చేప తల పైనే ఉంది. తెచ్చిన పొరుగావిడ, "డైమండ్ ఏడు సంగతి ఆయన తరఫున తనే మాఫ్ చేశానని చెప్పమంది," అంది. వసీలా గిన్నె అందుకుని, తలుపు మూసి, మొగుడి చెంపల వంక చూసింది. ఉదయం నుంచి వాటర్ పేపర్ నీళ్ళతో రాసుకుని ఎర్రగా ఉన్నాయి.

"తిను," అంది. "నువ్వే తిను. నాకు దిగదు."

బుధవారం మిషను పని. రేపు పొద్దున్నే సలక్తా వాళ్ళు. గీతలన్నీ పోయాయి, పడవ మంచు పట్టిన కిటికీలా మసగ్గా తెల్లగా ఉంది, మెరుపొక్కటే తేవాలి. మెరుపు తెచ్చేది వేడి, కాల్చేదీ వేడే. ఉన్ని చక్రం ఒకచోట నాలుగు క్షణాలు ఎక్కువ నిలిస్తే పొర ఉడికిపోతుంది. అందుకని రెండు పట్లు తిప్పగానే చెయ్యి ఆనించి చూడాలి.

లజర్ వచ్చి మిషను తీగ మీద కాలు పెట్టి నిలబడ్డాడు. "బాబాయ్, నాకియ్యి. నువ్వు కూర్చుని ఎక్కడ ఎంతో చెప్పు, నేను తిప్పుతా."

"నీ మూతి మీద పాలు ఇంకా ఆరలేదు, నువ్వు తిప్పుతావా?"

"నాకు ముప్పై ఆరేళ్ళు బాబాయ్. మూతి మీద ఉన్నది మీసం." నవ్వలేదు వాడు. గొంతు తగ్గించి, "నిన్న పేస్టు డబ్బా రేకు కోసుకుని నీ బొటనవేలు రక్తం కారుతూనే ఉంది. నువ్వు పడవ మీద ఎర్రమరక చూసి, ఇదెక్కడిదని పైకి చూశావ్. నేను చూశాను," అన్నాడు.

"పని మీద ధ్యాస ఉన్నవాడికి అంతే."

"నేను ఎవరికీ చెప్పను బాబాయ్."

"చెప్పడానికి ఏముందని? కాలు తియ్."

లజర్ కాలు తీశాడు.

మొదటి రెండు పట్లకీ ఖమీస్ చెంపే ఆనించాడు. వెచ్చన తెలిసింది. బాగుంది. కానీ పాలిష్ పేస్టు చెంపకంతా తెల్లగా అంటింది. అటుగా చేపల గంప ఎత్తుకుని వెళ్తున్న ఆడమనిషి ఒకామె ఆగి, సగం గడ్డం గీయించుకుని మంగలి కుర్చీలోంచి పారిపోయి వచ్చినట్టున్న ఆ మొహాన్ని చూసి, పాపం ఆపుకోలేక, పకపకా నవ్వింది. దుఃఖం సంగతి ఆమెకి తెలియదు, ఊరిది కాదు. ఖమీస్ చెవుల దాకా ఎర్రబడి మొహం తుడుచుకున్నాడు. ఆ తరవాత అరచెయ్యే ఆనించాడు, చూసేవాళ్ళ కోసం, కళ్ళు మూసుకుని, నోరు కాస్త తెరిచి, పూర్వంలాగే. చెయ్యి ప్రతిసారీ ఒకటే చెప్పింది. చల్లగా ఉందని.

కుడి పక్క నడుం దగ్గర, రాళ్ళు ఎక్కువ గీరినచోట, మిషను కాస్త ఎక్కువసేపు ఆపాడు. ముందు వాసన వచ్చింది, కాలిన గోళ్ళ వాసన. మిషను ఎత్తి చూశాడు. రొట్టె అంత మేర పెంకు పోయి, పసుప్పచ్చగా పీచు బయటపడింది, చర్మం లేచిన మోకాలులా.

"ఖమీస్ అన్నా."

వెనక హల్లూమా. చేతిలో కాఫీ. ఖమీస్ వెనక్కి తిరక్కుండానే కుడి అరచెయ్యి ఆ మచ్చ మీద బల్లపరుపుగా పెట్టేశాడు.

"అలాగే ఉండు, పని చెడగొట్టను. ఒక్క మాట చెప్పి పోతాను." ఆమె కాఫీ కింద పెట్టింది. "అన్నా, నాకు ఏడుపు రాలేదు. తొమ్మిది రోజులు వెతికినప్పుడూ రాలేదు, తెచ్చి కడిగినప్పుడూ రాలేదు. ఆడవాళ్ళంతా నా మొహం వంకే చూసేవాళ్ళు. రాయి అనుకున్నారు. నేనూ అనుకున్నాను. మొన్న నువ్వు ఆయన పడవ పట్టుకుని ఏడ్చావని చెప్పారు. ఎందుకో, ఆ రాత్రి నిద్రపట్టింది. మా ఇద్దరి తరఫునా ఎవరో ఒకరు ఏడుస్తున్నారులే అనుకున్నాను. నీ కన్నవాళ్ళని దేవుడు చల్లగా చూడాలి."

ఖమీస్ తల మాత్రం తిప్పి ఆమె వైపు చూశాడు. చెయ్యి తియ్యలేదు. తీస్తే మచ్చ.

ఆమె ఇంకేదో అనబోయి ఆగిపోయింది. ఆమె కళ్ళు అతని చేతి మీదున్నాయి. ఆ మొహం చూసి ఖమీస్‌కి ఏదో జరిగిందని తెలిసింది. అప్పుడు కిందికి చూసుకున్నాడు. మణికట్టు దగ్గర అరచేతి అంచు ఉబ్బి, తోలు నీటిబుడగలా లేచి, ఒకచోట పగిలి తెల్లని పడవ మీదుగా సన్నగా కారుతోంది. పొద్దుటి నుంచి వేడి చూసిన ప్రతిసారీ ఆ చెయ్యి కొంచెం కొంచెం కాలుతూనే ఉంది.

"తియ్యి! తియ్యి అన్నా చెయ్యి!"

తీశాడు. మచ్చ కనిపించింది. ఆమె రెండూ చూసింది, చెయ్యీ మచ్చా, చాలాసేపు.

"నొప్పి లేదా?"

"లేదు. డిసెంబరు నుంచీ లేదు. వేళ్ళు చచ్చిపోయాయి చెల్లెమ్మా. వేడీ తెలీదు, గరుకూ తెలీదు."

"మరి ఇదంతా..." పడవ పొడుగూ చూపించింది. "ఇదంతా దేంతో చూశావు?"

ఖమీస్ చెంప మీద చెయ్యి వేసుకున్నాడు. ఆమెకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమవుతున్నకొద్దీ మొహంలో ఒక్కొక్క దీపమే ఆరిపోయింది.

"అంటే ఏడవలేదు."

"అసిటోన్ ఘాటు."

"ఒక్కసారి కూడా?"

ఏడ్చానని అబద్ధం చెప్పడానికి అతనికి ఒక్క క్షణం దొరికింది. "లేదు," అన్నాడు.

హల్లూమా వంగి కాఫీ కప్పు తీసుకుంది, అతనికి ఇవ్వలేదు. "రేపు వాళ్ళ ముందు ఏం చెప్తావో నీ ఇష్టం. నాకు మాత్రం ఇంకో అబద్ధం కట్టబెట్టకు," అని వెళ్ళిపోయింది.

లజర్ పిలవకుండానే వచ్చాడు. మచ్చ చుట్టూ గోరుతో గీకి చూశాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది ఖమీస్‌కి. "ఇప్పుడే పూడిస్తే పొద్దుటికి గట్టిపడుతుంది. రుద్దడానికి గంటన్నర. నువ్వు ముందు ఆ చేతికి కట్టు కట్టించుకో," అన్నాడు.

గురువారం పది గంటలకి సలక్తా వాళ్ళు వచ్చారు. కొనేవాడు ముప్పై ఏళ్ళవాడు. పక్కన వాడి మామ, రాయిస్ ఫ్రాజ్, డెబ్భై దాటిన మనిషి, అల్లుడి డబ్బు తన డబ్బన్నట్టు జాగ్రత్తగా నడుస్తున్నాడు. పడవ ఎండలో పాలకుండలా ఉంది. లజర్ పూడ్చినచోటు, చోటు తెలిసినవాడికి కూడా కనిపించడంలేదు. కాఫీ దుకాణమంతా ఒడ్డుకి వచ్చి నిలబడింది. బెల్గాసిం పడవ మంచి చేతుల్లో పడాలని, దాని కోసం అంత ఏడ్చినవాడి ముందు పడాలని. హల్లూమా వెనగ్గా, గోడ నీడలో.

రాయిస్ ఫ్రాజ్ పడవ చుట్టూ తిరిగొచ్చి, "ఖమీస్, నువ్వేకదా? నీ గురించి మా ఊళ్ళో చెప్తారు. నీ చెయ్యి ఏమంటోంది?" అన్నాడు.

బాగుందంటే అయిపోతుంది. పడవ నిజంగానే బాగుంది. అందులో మోసం కూడా లేదు. ఖమీస్ కట్టు కట్టిన చెయ్యి ఒకసారి పైకెత్తి, దించేశాడు.

"నా చెయ్యి ఏమీ అనదు రాయిస్. చచ్చిపోయింది. నిన్న ఇక్కడ కాల్చేశాను, ఈ నడుం దగ్గర, రొట్టె అంత మేర. ఇదిగో ఈ లజర్ పూడ్చాడు. పని వాడిది, తప్పు నాది. నీ చేత్తో నువ్వు చూసుకో."

రాయిస్ ఫ్రాజ్ కనుబొమలు ముడిచాడు. "కాల్చింది ఒక్కచోటే. మిగతా అంతా నున్నగానే ఉందే. చెయ్యి చచ్చినవాడివి మరి దేంతో చూశావు?"

ఇది అడుగుతాడని ఖమీస్ అనుకోలేదు. నలభై మంది వింటున్నారు.

"చెంపతో."

"దేంతో?"

"చెంపతో రాయిస్. ఇలా ఆనించి."

ఒడ్డున ఒక్కొక్కడి బుర్రలోకి అది మెల్లిగా దిగింది. వల బాగుచేసే ముసలాయనే ముందు నోరు తెరిచాడు. "మరి ఆ కన్నీళ్ళు?"

"డబ్బాలో అసిటోన్."

వెనక ఎవడో ఫక్కుమన్నాడు, ఎవడో వాణ్ణి మోచేత్తో పొడిచాడు. "మా చేత ఏడిపించావు కదరా, తేలు వెధవా!" అన్నాడు ఇంకొకడు, ఆ గొంతులో నవ్వు లేదు. కావిలించుకున్న అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే నిలబడి ఉన్నారు. ఒకడు మెల్లిగా రెండడుగులు దూరం జరిగాడు. గోడ నీడలో హల్లూమా వింటోంది. ఊరంతటి ముందూ ఇంకోసారి ఆమె మొగుడి కోసం ఎవరూ ఏడవలేదని తేలింది.

రాయిస్ ఫ్రాజ్ జేబులోంచి రుమాలు తీసి అరచెయ్యి తుడుచుకుని, ముక్కు దగ్గర మొదలెట్టాడు. గంటసేపు తడిమాడు. నడుం దగ్గర ఆగి, "ఇదేనా?" అన్నాడు. "అదే," అన్నాడు ఖమీస్. "బాగా పూడ్చాడు," అన్నాడు ముసలాయన, అల్లుడికి తల ఊపాడు. బేరం కుదిరింది, కొంత తగ్గించే కుదిరింది. తగ్గినదానికి ఖమీస్ తన కూలి వద్దన్నాడు. హల్లూమా కూలి పొట్లం అతని పనిముట్ల పెట్టె మీద పెట్టించి పంపింది, మొత్తం, ఒక మాట కూడా లేకుండా.

శనివారం పడవని నీళ్ళలోకి దించారు. పేరు చెరిపేశారు, కొత్త పేరు ఇంకా రాయలేదు. జారుడుబాట పొడుగునా తాడు పట్టుకోవడానికి పదిమంది కావాలి, ఒకడు తక్కువయ్యాడు. ఖమీస్ ఎవరూ పిలవకుండానే ఎడమచేత్తో కొస అందుకుని నిలబడ్డాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. పడవ కదిలింది, బరువు అందుకుంది, తాడు జారడం మొదలెట్టింది. తక్కినవాళ్ళంతా ఒక్కసారిగా "అబ్బా" అని వదిలి, మళ్ళీ పట్టుకున్నారు. ఖమీస్ వదల్లేదు. తాడు అతని గుప్పిట్లోంచి పోతూనే ఉంది. మూరకొకచోట తాడు మీద ఎర్రగా పడుతోంది. అతను పడవ వంక చూస్తున్నాడు.

"వదులు బాబాయ్! తాడు వదులు!"

లజర్ కాలర్ పట్టుకుని వెనక్కి గుంజాడు. పడవ నీళ్ళలోకి జారింది, అందరూ శుభం పలికారు. చక్రం దగ్గరున్న పెద్దమనిషి తాడు చుట్టుకుంటూ, ఖమీస్ వైపు చూడకుండానే, "ఇక నుంచి ఆయన చేతికి తాడు ఇవ్వకండి," అన్నాడు. తిట్టినట్టు అనలేదు, రేవు నియమం ఒకటి చెప్పినట్టు అన్నాడు. ఆ మాట ఇప్పటికీ అక్కడ అమల్లో ఉంది.

సోమవారం ఖమీస్ రేవుకి వచ్చాడు. రెండు చేతులకీ కట్లు. తన పెట్టె మీద కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు పలకరించారు, ఆగలేదు. మహ్‌దియా నుంచి కొత్తగా ఒక పాత పడవ ఒడ్డెక్కింది, పొట్టంతా నూనె జిడ్డు. దాని తాలూకు మనిషి వచ్చి, లజర్‌తో మాట్లాడుకుని పోయాడు. "ఖమీస్ చెయ్యి" అన్న మాట అతను అడగలేదు. ఎవరో ముందే చెప్పి ఉంటారు.

లజర్ చాలాసేపు ఏవో సర్దుకుంటున్నట్టు తిరిగాడు. ఆఖరికి వచ్చి, ఎటో చూస్తూ, "బాబాయ్, జిడ్డు కడగడానికి మనిషి లేడు," అన్నాడు.

కడగడమంటే ఈ పనిలో అట్టడుగు. ముప్పై ఒక్క ఏళ్ళ కింద ఖమీస్ అక్కడ మొదలెట్టాడు, మూడు నెలల్లో అక్కణ్ణుంచి పైకొచ్చాడు. దానికి కళ్ళుంటే చాలు.

"కట్లు తడుస్తాయి," అన్నాడు.

"రబ్బరు తొడుగులున్నాయి."

ఖమీస్ పెట్టె మీంచి లేచాడు. లజర్ పొయ్యి మీద కాగుతున్న సబ్బునీళ్ళు బకెట్లో పోశాడు. చల్లనీళ్ళు ఒక చెంబు కలిపాడు, ఇంకో చెంబు కలిపాడు. తరవాత తన చూపుడువేలు అందులో ముంచి, కాసేపు ఉంచి, తీసి, పంట్లాంకి తుడుచుకుని, బకెట్టుని తెచ్చి అతని ముందు పెట్టాడు.